ఎన్ని కలిశాయి, ఎన్ని మిగిలాయి: కర్బన రసాయన చర్యను గుర్తుపట్టే దారి

"నీళ్ళు బయటికి పోయాయి కదండీ మాస్టారూ. మరి విలోపన చర్యే కదండీ?"

అమలాపురంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే నేను ఈ ప్రశ్న దాదాపు ప్రతి ఏడాదీ వింటాను. అప్పుడు బోర్డు మీద ఉండేది ఇథనాల్ (మామూలు ఆల్కహాల్). గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి చేస్తే డైఇథైల్ ఈథర్ వస్తుంది. అదే ఆమ్లంతో 170 డిగ్రీలకు తీసుకెళ్తే ఇథిలీన్ వస్తుంది. రెండుసార్లూ నీరు పోతుంది. అయినా రెండోదే విలోపనం (ఎలిమినేషన్), అంటే అణువులోంచి ఒక ముక్క ఊడిపోవడం. మొదటిది ప్రతిక్షేపణం (సబ్‌స్టిట్యూషన్), అంటే ఒక ముక్క పోయిన చోటికి ఇంకొకటి రావడం.

అలా అడిగిన పిల్లల తప్పేమీ లేదు. నీరు పోతే విలోపనం, హైడ్రోజన్ చేరితే సంకలనం (అడిషన్, అంటే అణువులు కలిసిపోవడం), క్లోరిన్ కనిపిస్తే ప్రతిక్షేపణం అని మనమే గుర్తులు కట్టి బట్టీ పట్టించాం. ఏ పదార్థం కలిపారో చూసి చర్య పేరు చెప్పడం అలవాటైతే మొదటి నలభై చర్యల వరకు బండి నడుస్తుంది. ఆ తర్వాత ప్రతి చర్యా ఒక కొత్త మినహాయింపులా కనబడి, ఆర్గానిక్ అంటేనే టెన్షన్ మొదలవుతుంది. నిజానికి అందులో చాలావరకు మినహాయింపులే కావు.

నేను చెప్పే పద్ధతి చాలా చిన్నది. సమీకరణాన్ని పూర్తిగా రాయాలి. నీరు, హైడ్రోజన్ క్లోరైడ్ లాంటి చిన్న అణువులను కూడా వదలకుండా రాసి తుల్యం చేయాలి. ఉత్ప్రేరకాన్ని (చర్యను వేగపరచి తాను మిగిలిపోయే పదార్థాన్ని) మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. ఇప్పుడు ఎడమవైపు ఎన్ని అణువులున్నాయి, కుడివైపు ఎన్ని ఉన్నాయి? కుడివైపు తగ్గితే సంకలనం. పెరిగితే విలోపనం. రెండు వెళ్ళి రెండు వస్తే ప్రతిక్షేపణం. ఒకటి వెళ్ళి ఒకటే వస్తే, అంటే అవే పరమాణువులు లోపల సర్దుకుని వేరే పదార్థం అయితే, పునరమరిక.

ఇథనాల్ దగ్గరికి తిరిగి వద్దాం. 170 డిగ్రీల దగ్గర ఒక ఇథనాల్ అణువు ఒక ఇథిలీన్, ఒక నీరు ఇస్తుంది. ఒకటి రెండయింది. 140 దగ్గర రెండు ఇథనాల్ అణువులు కలిసి ఒక ఈథర్, ఒక నీరు ఇస్తాయి. రెండు రెండుగానే ఉన్నాయి. ఒక ఇథనాల్‌లోని హైడ్రాక్సిల్ (OH) సమూహం లేచిపోయిన చోట ఇంకో ఇథనాల్ తన ఆక్సిజన్‌తో వచ్చి కూర్చుంది. కొత్త ద్విబంధం ఎక్కడా పుట్టలేదు. విలోపనం జరిగితే ద్విబంధం (లేదా త్రిబంధం, లేదా వలయం) పుట్టి తీరాలి. లెక్కకు ఇది రెండో సాక్ష్యం. ఎసిటిక్ ఆమ్లం, ఇథనాల్ కలిసి ఇథైల్ ఎసిటేట్, నీరు ఇవ్వడం కూడా ఇదే కోవలోది. రావులపాలెం మార్కెట్‌లో పండిన అరటి గెలల దగ్గర నిలబడితే వచ్చే తియ్యటి వాసనలో ముఖ్యమైనది ఐసోఎమైల్ ఎసిటేట్. అదీ ఇథైల్ ఎసిటేట్ లాగే ఒక ఎస్టర్. ఆమ్లం, ఆల్కహాల్ కలిపి దాన్ని తయారుచేసినప్పుడూ రెండు వెళ్ళి రెండే వస్తాయి.

ఈ లెక్కలో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. అణువుల సంఖ్య పెరిగే చర్యలకు వేడి తోడైతే మొగ్గు పెరుగుతుంది. అందుకే ఉష్ణోగ్రత పెంచేకొద్దీ ప్రతిక్షేపణం వెనకబడి విలోపనం ముందుకొస్తుంది. 140, 170 అనే అంకెలను బట్టీ పట్టిన పిల్లలకు, వాటిలో ఎక్కువ అంకె విలోపనానికే ఎందుకు దక్కిందో ఈ లెక్కే చెబుతుంది.

లెక్కకు ముందు ఒక్క జాగ్రత్త. కార్బన్ చుట్టూ ఉన్న బంధాల్లో అసలు మార్పు జరిగిందా? అంతర్వేది తీరం నుంచి వచ్చిన చందువా చేపను ఇంటికి తేగానే నిమ్మరసమో చింతపండు పులుసో పట్టిస్తారు. సముద్రపు చేప నీచు వాసనకు ముఖ్య కారణం ట్రైమిథైల్ ఎమీన్. అది క్షారం. పులుపులోని ఆమ్లం దానికి ఒక ప్రోటాన్ ఇచ్చేసరికి లవణంగా మారి గాలిలోకి లేవలేదు, వాసన తగ్గుతుంది. రెండు కలిసి ఒకటయ్యాయి కాబట్టి సంకలనం అనేస్తే పొరపాటు. కార్బన్ బంధం ఒక్కటీ తెగలేదు, ఒక్కటీ కొత్తగా పడలేదు. ఇది ఆమ్ల-క్షార చర్య. కాల్షియం కార్బైడ్ మీద నీరు పడి ఎసిటిలీన్ రావడంలో కార్బన్-హైడ్రోజన్ బంధాలు పడినా, అదీ ఆమ్ల-క్షార చర్యే. కార్బైడ్ అయాన్ నీటి నుంచి ప్రోటాన్లు లాక్కుంటుంది, అంతే. కార్బైడ్ లవణం కాబట్టి దాన్ని అణువుగా లెక్కపెట్టినా ప్రయోజనం లేదు. (కాయలు పండించడానికి కార్బైడ్ వాడటం మన దేశంలో నిషేధం. దాని బదులు అనుమతించినది ఇథిలీన్ వాయువు. కాయ తనంతట తాను పండేటప్పుడు పుట్టించేదీ ఇథిలీనే.)

ఇప్పుడు కోనసీమలో ప్రతి ఇంట్లోనూ దొరికే కొబ్బరినూనె సీసా తీసుకుందాం. నూనె అంటే ఒక గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు ఎస్టర్ బంధాలతో అతుక్కున్న అణువు. దానికి సోడియం హైడ్రాక్సైడ్ కలిపి మరిగిస్తే సబ్బు వస్తుంది. ఒక నూనె అణువు, మూడు సోడియం హైడ్రాక్సైడ్‌లు. అటువైపు మూడు సబ్బులు, ఒక గ్లిసరాల్. నాలుగు వెళ్ళి నాలుగు వచ్చాయి. అంటే ఒకే అణువు మీద మూడుసార్లు ప్రతిక్షేపణం జరిగింది. సరిగా ఎండని కొబ్బరి నుంచి ఆడిన నూనె కొన్నాళ్ళకు కనరు వాసన వస్తుంది. అందులో మిగిలిన తేమ నెమ్మదిగా అవే ఎస్టర్ బంధాలను తెంచుతుంది. ఒక నూనె, మూడు నీళ్ళు. ఒక గ్లిసరాల్, మూడు కొవ్వు ఆమ్లాలు. మళ్ళీ నాలుగుకు నాలుగు. పుస్తకంలో దీని పేరు జలవిశ్లేషణ. అది వేరే జాతి చర్య కాదు. నీటితో జరిగే ప్రతిక్షేపణానికి పెట్టుకున్న పిలుపు పేరు.

అదే నూనెను బ్రోమిన్‌తో పరీక్షిస్తే వేరే కథ. కార్బన్-కార్బన్ ద్విబంధం ఉన్నచోట బ్రోమిన్ చేరి ఎర్రటి గోధుమరంగు పోతుంది. రెండు కలిసి ఒకటి: సంకలనం. ఈ ద్విబంధాలను కొలవడానికే అయోడిన్ విలువ అనే కొలత ఉంది. 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయోడిన్‌ను పట్టుకోగలదో చెప్పే అంకె అది. కొబ్బరినూనెకు సుమారు 6 నుంచి 11 ఉంటుంది, నువ్వులనూనెకు 100 దాటుతుంది. కొబ్బరినూనె చలికాలం ఉదయాన సీసాలో గడ్డకట్టి, నువ్వులనూనె పల్చగానే ఉండటానికి ఈ తేడా ఒక ముఖ్య కారణం. ద్విబంధం ఉన్నచోట కొవ్వు ఆమ్లపు గొలుసు వంకర తిరుగుతుంది, వంకర గొలుసులు ఒకదానిమీద ఒకటి సరిగా పేరుకోవు.

నికెల్ సమక్షంలో హైడ్రోజన్ పంపి ఆ ద్విబంధాలను నింపేస్తే నూనె వనస్పతి అవుతుంది. ఇదీ సంకలనమే. అయితే ఈ పని జరుగుతుండగా కొన్ని అణువులు ఒక హైడ్రోజన్‌ను తీసుకుని మళ్ళీ వదిలేస్తాయి. ద్విబంధం తిరిగి ఏర్పడుతుంది కానీ ఈసారి సిస్ (గొలుసు ముక్కలు రెండూ ద్విబంధానికి ఒకే వైపు) బదులు ట్రాన్స్ (ఎదురెదురు వైపుల) రూపంలో. ఒకటి వెళ్ళి ఒకటే వచ్చింది, ఫార్ములా మారలేదు, ఆకారం మారింది. గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వు పుట్టేది ఇక్కడే. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో ఇది 2 శాతం మించకూడదనే నిబంధన ఉంది. తయారీదారు కోరుకున్నది సంకలనం, దాని చాటున జరిగిపోయింది ఇంకొకటి. చర్యను సరిగ్గా గుర్తుపట్టడం మార్కుల కోసమే అనుకునే పిల్లలకు నేను ఈ ఉదాహరణే చెబుతాను.

కలిపే పదార్థాన్ని చూసి పేరు చెప్పకూడదు అనడానికి బెంజీన్‌ను మించిన సాక్షి లేదు. ఇనుము ఉత్ప్రేరకంగా బ్రోమిన్‌తో కలిపితే బ్రోమోబెంజీన్, హైడ్రోజన్ బ్రోమైడ్ వస్తాయి. రెండుకు రెండు, ప్రతిక్షేపణం. మూడు ద్విబంధాలు గీసి ఉన్నా బెంజీన్ వాటిని వదులుకోవడానికి ఇష్టపడదు, ఆ వలయంలోని కార్బన్లన్నీ ఎలక్ట్రాన్లను ఉమ్మడిగా పంచుకుని స్థిరంగా ఉంటాయి. కానీ అదే బెంజీన్ మీద అతినీలలోహిత కాంతిలో క్లోరిన్ పంపితే ఒక బెంజీన్, మూడు క్లోరిన్ అణువులు కలిసి ఒకే అణువు అవుతాయి. నాలుగు ఒకటయ్యాయి. మూడుసార్లు సంకలనం. ఆ వచ్చినదే బెంజీన్ హెక్సాక్లోరైడ్. ఒకప్పుడు డెల్టా వరిచేలల్లో చల్లిన బీహెచ్‌సీ పురుగుమందు పొడి అదే. నేలలోనూ నీటిలోనూ ఏళ్ళ తరబడి విరగకుండా నిలిచిపోతుంది కాబట్టి దాన్ని 1997లో నిషేధించారు.

ఇంతవరకు వచ్చాక పిల్లలు ఇంకో చిక్కు తెస్తారు. "వనస్పతి తయారీ సంకలనమా, క్షయకరణమా? ఒక పుస్తకంలో అలా ఉంది, ఇంకో దాంట్లో ఇలా ఉంది." రెండూ నిజమే. పెళ్ళిపందిట్లో ఒకాయన్ని చూపించి ఎవరని అడిగితే ఒకరు పెళ్ళికూతురి మేనమామ అంటారు, ఒకరు కొబ్బరి వ్యాపారి అంటారు, ఒకరు ముంగండ వాళ్ళండీ అంటారు. మనిషి ఒక్కడే, అడిగిన ప్రశ్నలు మూడు. చర్యల పేర్ల గందరగోళంలో సగం ఇదే. సంకలనం, విలోపనం, ప్రతిక్షేపణం, పునరమరిక అనేవి ఎన్ని చేరాయి, ఎన్ని పోయాయి అన్న ప్రశ్నకు జవాబులు. ఆక్సీకరణం, క్షయకరణం అనేవి కార్బన్ ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందా, సంపాదించుకుందా అన్న ప్రశ్నకు. సబ్బు తయారీ, జలవిశ్లేషణ, ఎస్టరీకరణం, హైడ్రోజనీకరణం అనేవి పనిని బట్టి పెట్టిన పేర్లు.

రెండో ప్రశ్నకు జవాబు కనుక్కోవడం తేలికే. ఒక్కో కార్బన్‌ను తీసుకుని, హైడ్రోజన్‌తో ఉన్న ప్రతి బంధానికి మైనస్ 1, ఆక్సిజన్, నైట్రోజన్, హాలోజన్‌లతో ఉన్న ప్రతి బంధానికి ప్లస్ 1, ఇంకో కార్బన్‌తో ఉంటే సున్నా వేసి కూడాలి. ఇథిలీన్‌లో ప్రతి కార్బన్‌కూ మైనస్ 2 వస్తుంది. ఇప్పుడు దాని మీద మూడు సంకలనాలు చేసి చూడండి. హైడ్రోజన్ చేరి ఈథేన్ అయితే రెండు కార్బన్లూ మైనస్ 3కు దిగుతాయి, కనుక క్షయకరణం. బ్రోమిన్ చేరితే రెండూ మైనస్ 1కి ఎక్కుతాయి, కనుక ఆక్సీకరణం. నీరు చేరి ఇథనాల్ అయితే ఒకటి మైనస్ 3, ఇంకొకటి మైనస్ 1. మొత్తం మైనస్ 4, మొదట ఎంతో ఇప్పుడూ అంతే. ఆక్సీకరణమూ కాదు, క్షయకరణమూ కాదు. మూడూ సంకలనాలే, రెండో ప్రశ్నకు జవాబులు మాత్రం మూడు రకాలు. ఆక్సిజన్ కనబడగానే ఆక్సీకరణం అనేసే అలవాటు ఈ ఒక్క ఉదాహరణతో పోతుంది.

కల్లు పులిసి వెనిగర్ వాసన రావడం పూర్తిగా ఈ రెండో ప్రశ్న పరిధిలోది. ఇథనాల్‌లో హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్ మైనస్ 1. అది ఎసిటాల్డిహైడ్ అయ్యేసరికి ప్లస్ 1, ఎసిటిక్ ఆమ్లం అయ్యేసరికి ప్లస్ 3. మన కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్‌లో ఎక్కువ భాగం ఉండే మీథేన్‌లో కార్బన్ మైనస్ 4. అది మండి కార్బన్ డైఆక్సైడ్ అయితే ప్లస్ 4. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర బావి పేలి రెండు నెలలకు పైగా మండినప్పుడు ఆ మంటలో జరిగింది ఈ మార్పే. కార్బన్‌కు ఇంతకంటే పెద్ద ఆక్సీకరణం సాధ్యం కాదు.

ఇక మూడో ప్రశ్న: ఎలా జరిగింది? పాత బంధం ముందు తెగిందా, కొత్త బంధం ముందు పడిందా, రెండూ ఒకేసారా? కష్టం నిజంగా ఉన్నది ఇక్కడే. పై రెండు లెక్కలు తేలాకే ఇందులో దిగాలని నా అభిప్రాయం.

సఖినేటిపల్లి, నరసాపురం రేవుల మధ్య వశిష్ఠ పాయ మీద తిరిగే పంటును (బళ్ళనూ మనుషులనూ దాటించే పడవను) ఊహించుకోండి. ఒక కొస నుంచి ఒక మోటారుసైకిల్ దిగుతుండగానే రెండో కొస నుంచి ఇంకొకటి ఎక్కుతోంది. ఎక్కే బండి తోపుకే దిగే బండి కదులుతోంది. మిథైల్ బ్రోమైడ్ మీద హైడ్రాక్సైడ్ దాడి చేసేది ఇలాగే: బ్రోమిన్ ఉన్న వైపుకు సరిగ్గా ఎదురు వైపు నుంచి, ఒకే అడుగులో. పుస్తకంలో ఎస్‌ఎన్‌2 అనే దారి ఇదే. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్‌లో కార్బన్ వెనుక మూడు మిథైల్ సమూహాలు దారి మూసేసి ఉంటాయి. అటు నుంచి ఎవరూ ఎక్కలేరు. ముందు బ్రోమైడ్ తనంతట తాను దిగిపోవాలి, పంటు ఖాళీ కావాలి, ఆ తర్వాతే కొత్తవాళ్ళు ఏ వైపు నుంచైనా ఎక్కవచ్చు. ఎస్‌ఎన్‌1 అనే దారి ఇది. కైరల్ కార్బన్ (నాలుగు వేర్వేరు సమూహాలున్న కార్బన్) మీద ఎస్‌ఎన్‌2 జరిగితే అమరిక పూర్తిగా తిరగబడటం, ఎస్‌ఎన్‌1 జరిగితే పాత అమరిక, తిరగబడిన అమరిక దాదాపు సగం సగంగా కలిసిన మిశ్రమం రావడం ఈ దారుల తేడా వల్లే.

వచ్చే క్షారం కార్బన్ మీదికి వెళ్ళకుండా పక్క కార్బన్ మీది హైడ్రోజన్‌ను లాక్కుంటే అప్పుడు విలోపనం. ఇథైల్ బ్రోమైడ్‌కు జల (నీటిలో కరిగించిన) పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపితే ఇథనాల్, పొటాషియం బ్రోమైడ్: రెండుకు రెండు. ఆల్కహాలిక్ (ఆల్కహాల్‌లో కరిగించిన) పొటాషియం హైడ్రాక్సైడ్‌తో వేడి చేస్తే ఇథిలీన్ వచ్చే దారి తెరుచుకుంటుంది. ఆ దారిలో ఇథిలీన్, పొటాషియం బ్రోమైడ్, నీరు వస్తాయి: రెండుకు మూడు. లెక్క ఇక్కడా మాట తప్పలేదు.

సబ్బు తయారీలో మూడుసార్లు ప్రతిక్షేపణం జరిగిందని చెప్పాను. లెక్క ప్రకారం అది నిజం. లోపల నడిచిన దారి మాత్రం వేరు. హైడ్రాక్సైడ్ ముందు కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం మీద చేరుతుంది, ఆ ద్విబంధం తెరుచుకుంటుంది. తర్వాత పాత సమూహం బయటికి పోయి ద్విబంధం మళ్ళీ మూసుకుంటుంది. సంకలనం, వెంటనే విలోపనం. రెండూ కలిసి బయటికి ప్రతిక్షేపణంలా కనబడతాయి. ప్రతిక్షేపణానికి ఇంకో ఉదాహరణ: భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధక బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బోదకాలు వ్యాధికి తెచ్చిన మందు డైఇథైల్ కార్బమజైన్. మన ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి పంచే డీఈసీ మాత్ర అదే. మిథైల్ పిపరజీన్, డైఇథైల్ కార్బమోయిల్ క్లోరైడ్ కలిపి దాన్ని తయారుచేయవచ్చు. క్లోరిన్ ఉన్న చోటికి నైట్రోజన్ వస్తుంది, హైడ్రోజన్ క్లోరైడ్ పోతుంది. రెండుకు రెండు. తన గడపలో బోదకాలు మనిషిని చూసిన ప్రతి డెల్టా పిల్లవాడికీ ఈ ప్రతిక్షేపణం గుర్తుండాలని నా కోరిక.

దాగి ఉన్న దశల సంగతి వచ్చింది కాబట్టి ఎసిటిలీన్ గురించి ఒక్క మాట. మెర్క్యురిక్ సల్ఫేట్, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం సమక్షంలో దానికి నీరు చేరితే ఎసిటాల్డిహైడ్ వస్తుంది. రెండు ఒకటయ్యాయి, సంకలనమే. కానీ నీరు చేరగానే ముందు వచ్చేది వినైల్ ఆల్కహాల్. అది నిలవదు. హైడ్రోజన్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిగి, ద్విబంధం కార్బన్ల మధ్య నుంచి కార్బన్-ఆక్సిజన్ మధ్యకు మారి ఎసిటాల్డిహైడ్ అవుతుంది. ఆ రెండో అడుగు పునరమరిక.

ఈ లెక్క చేతులెత్తేసినట్టు కనిపించే చోటు కల్లు కుండ. ఒక గ్లూకోజ్ అణువు రెండు ఇథనాల్, రెండు కార్బన్ డైఆక్సైడ్ ఇస్తుంది. ఒకటి నాలుగయింది కాబట్టి మూడు విలోపనాలు అంటే అర్థం లేదు. ఈస్ట్ దాన్ని ఒక్క అడుగులో చేయదు, పన్నెండు అడుగుల్లో చేస్తుంది. విడదీసి చూస్తే ప్రతి అడుగూ మళ్ళీ మనకు తెలిసినదే. తాటి గెల నుంచి కారే తియ్యటి రసంలోని సుక్రోజ్ నీటితో విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కావడం రెండుకు రెండు. గ్లూకోజ్ మీద ఫాస్ఫేట్ ఎక్కడం ప్రతిక్షేపణం. ఆ గ్లూకోజ్ ఫాస్ఫేట్ ఫ్రక్టోజ్ ఫాస్ఫేట్‌గా మారడం పునరమరిక. ఆరు కార్బన్ల గొలుసు మూడు, మూడుగా తెగడం ఒకటి రెండవడం. తొమ్మిదో అడుగులో ఒక నీరు పోయి ద్విబంధం పుట్టడం అచ్చమైన విలోపనం. చివరి అడుగులో ఎసిటాల్డిహైడ్ మీద హైడ్రోజన్ చేరి ఇథనాల్ అవుతుంది. అది సంకలనం, రెండో ప్రశ్నకు జవాబుగా క్షయకరణం కూడా. గీత కార్మికులు కుండ లోపల సున్నం పూస్తే ఈస్ట్ పని చేయలేక ఈ వరస మొదట్లోనే ఆగిపోతుంది, కుండలో దిగేది తియ్యటి నీరా.